శెత్రంజి మీద ఏనుగు

ఆదివారం, కొత్తవాడ.
మగ్గం మూలకువడ్డ అర్రల
సరోజన నేసిన శెత్రంజి పరుస్తం.
నీలంచార గోదారి,
ఎర్రచార ఇసుకదిబ్బ,
కరీంనగర్ క్వారీల ఏరుకొచ్చిన గ్రానైటు పలుకులు గుట్టలు.
అటు శకులు. ఇటు శాతవాహనులు.
కోటిలింగాల కాడ గిసొంటి యుద్ధం
ఎన్నడూ జరగలేదని ఓదెలుకు ఎరుకే.
"జరిగుంటే ఇగ మనకేం పని?" అంటడు.

ఓదెలు కాజీపేటల గూడ్సుబండి నడుపుతడు.
వారమంతా యాభైఎనిమిది డబ్బాల బొగ్గు గుంజి
ఆదివారం పూట
బొటనవేలంత గుర్రాన్ని
రెండు వేళ్లతోని లేపుతడు,
చంటిపిల్ల ముక్కు తుడిసినట్టు.
ఒకసారి, చాయ తాగుకుంట,
"జమ్మికుంట దాటినంక, తెల్లారగట్ల..." అని మొదలువెట్టి
గ్లాసుల ఈగ పడ్డదని లేచిపోయిండు.
ఈగ పడలేదు.
నేను అడగలేదు.

నా సైన్యం నిర్మల్ నుంచి వచ్చింది.
పొనికి కర్ర, అరచేతిల ఊదితే ఎగిరిపోయేటంత తేలిక.
రంగులు మటుకు నావే.
కరెంటు స్తంభమెక్కితే వణకని చెయ్యి
సన్న కుంచె పడితే వణుకుతది.
అందుకే నా విలుకాండ్లందరివీ మెల్లకండ్లు.
ఒకడైతే
శత్రువును ఇడిసిపెట్టి ఎప్పుడూ నన్నే చూస్తడు.

వంద పేజీల నోటుబుక్కుల నియమాలున్నయి.
బాణం ఎంత దూరం పోతది,
తడిసిన వింటినారి ఎంత సాగుతది,
పక్కోడు పడితే ఎంతమంది ఉరుకుతరు.
నలభైమూడోది ఓదెలే రాసిండు:
బెదిరిన ఏనుగు ఎనక్కి మర్లుతది.
పాచికలు చెప్పినన్ని అంగుళాలు వస్తది.
దారిల ఉన్నది సొంతమా, పరాయా చూడది.

సరోజన కండె చుట్టుకుంట చూస్తది.
ఆరేండ్ల సంది చూస్తనే ఉన్నది, ఏమనలేదు.
ఇయ్యాల అన్నది:
"పొద్దటి సంది కొట్లాడవడితిరి,
వీళ్లకు అంబలి ఎవలు పోస్తరు?"

నోటుబుక్కు తిరగేసినం.
వాన ఉన్నది, భయమున్నది, బురద ఉన్నది.
అంబలి లేదు.

కుట్టుడబ్బలకెల్లి తెల్లగుండీ తీసి
నా విలుకాండ్ల ఎనక పెట్టింది.
"గీమె కొమురమ్మ. కడవ మోస్తది.
ఎవల దిక్కూ కాదు."
నాలుగు బొక్కల గుండీ
గోదారి ఒడ్డున పండుకొని
ఇంటి దూలాల దిక్కు చూసింది.

ఆట సాగింది.
ఓదెలు గుర్రాలు ఇసుకదిబ్బ దాటినయి.
మూడు బాణాలు తాకినయి నా పెద్దేనుగుకు.
పాచికలు స్టీలు గిన్నెల ఎగిరెగిరి పడ్డయి:
ఐదు. ఆరు.
ఏనుగు మర్లింది.

నాలుగంగుళాలకు మొదటి వరుస పోయింది.
ఏడుకు రెండోది.
తొమ్మిదికి, నన్ను చూసేటోడు పడ్డడు,
పడి గూడ నన్నే చూసిండు.
ఇగ ముందట గుండీ ఒక్కతే.

ఓదెలు మోకాళ్ల మీద కూసున్నడు.
దర్జీ టేపు పరిసిండు.
ఒక కన్ను మూసిండు,
మంచుల సిగ్నల్ ఎతుకుతున్నట్టు.
మళ్ల కొలిసిండు. మళ్ల.
ఫ్యాను తిరుగుతుంటే అతని మెడ మీద చెమట.
పట్టాలకు దగ్గరి బజారు కదా,
ఏదో బండి పోయింది, అర్ర సన్నగ అదిరింది,
చచ్చినోళ్లు బిస్కెట్ డబ్బల గలగలమన్నరు.

"పోగంత తక్కువైంది," అన్నడు.
"తాకలే. ఆగింది."

నేను చూసిన.
టేపు కొసన ఇత్తడి బిళ్ల
అతని బొటనవేలు కింద అరంగుళం మడతవడి ఉన్నది.
వేలు గోరు తెల్లవడ్డది.
సరోజన గూడ చూసింది,
పోగు లెక్క ఆమెకంటె ఎరుకైనోళ్లు ఎవలు?
కండె చుట్టుడు ఆపలేదు.

లెక్క రాసుడు నా పని.
పెన్ను తీసి రాసిన:
ఏనుగు, పదిన్నర.
కింద ఇంకో గీత గీసి
నలభైనాలుగు అని అంకె వేసి
ఏం రాయాల్నో తెల్వక అట్లనే ఇడిసిన.

ఆట నేనే ఓడిన.
బొమ్మలు దూదిల చుట్టేటప్పుడు
ఓదెలు గుండీని తీసి
ఏ డబ్బల పెట్టాల్నని
శానసేపు చేతిల పట్టుకొని నిలవడ్డడు.