లేని మూడు పేర్లు

వార్దో రేవు. జనవరి.
పొద్దు పొడిచి యాభై రోజులు దాటింది.
గ్రంథాలయం వెనక గదిలో ఆరు పాత కంప్యూటర్లు,
ఆరింటిలోనూ లైనక్స్.
చూసుకునేది నేనే. ఎండుచేపల గిడ్డంగిలో పని దిగాక,
చేతులు ఎంత కడిగినా వాసన వదలని వేళ్ళతో.

మూడోదానికి దయ్యం పట్టిందన్నారు.
లాగ్ తెరిచాను.
రోజూ ఉదయం తొమ్మిదీ పదికి
బ్రౌజర్ కళ్ళు తెరిచీ తెరవకముందే
మూడు పేర్లు అడుగుతోంది:
హజక్వుటెపొ
మ్రిలోగ్జివ
ఉక్వెబ్నయిఫు
ఊరూ పేరూ లేని పేర్లు.
మధ్యలో చుక్క లేదు, చివర తోక లేదు,
కీబోర్డు మీద పిల్లి నడిచిపోయినట్టు.
మర్నాడు మళ్ళీ మూడు. నిన్నటివి కావు.

వైరస్ అనుకున్నాను, ఎవరైనా అనుకుంటారు.
ఎక్స్‌టెన్షన్లన్నీ పీకి పారేశాను.
ప్రొఫైల్ మార్చాను. బ్రౌజర్నే తీసేసి మళ్ళీ పెట్టాను.
రిజాల్వ్ డాట్ కాన్ఫ్‌లో ఒకే ఒక్క వాక్యం,
ఏదైనా ఉంటే నన్నే అడుగు అని.
అడిగాను.
అది రూటర్‌ని అడిగింది, రూటర్ కంపెనీని అడిగింది,
కంపెనీ ఎవరినీ అడగలేదు.
డిగ్ అంటే తవ్వడం. రాత్రి పదకొండు దాకా తవ్వాను,
ఎలుక కూడా దొరకలేదు.
దొరికిందల్లా ఒక్క వింత:
లేని మూడు పేర్లకూ జవాబు వస్తోంది.
మూడింటికీ ఒకటే చిరునామా.
తెరిచి చూస్తే రబ్బరు బూట్లు, సగం ధరకి.

పొద్దున్నే ఆ కుర్చీలో కూర్చునేది తోర్లైవ్.
ఎనభై ఒకటి. తీరపు రేడియోలో ముప్పై ఏళ్ళు.
లాగ్ చూపించాను. కళ్ళజోడు నుదుటికి తోసి చదివి
కడుపు పట్టుకుని నవ్వాడు.

"మేమూ ఇంతేనమ్మాయ్, ఔద్‌హిల్డ్.
కాపలా మొదలయ్యే ముందు
లేని పడవని పిలిచేవాళ్ళం.
పట్టికలో లేని పేరు, అప్పుడే నోటికొచ్చింది.
ఎవరూ పలక్కపోతే గాలి మంచిదన్నట్టు.
'ఇదిగో, ఉన్నాను' అని ఎవడైనా అన్నాడా,
ఇక ఆ రాత్రి విన్నదేదీ నమ్మేవాళ్ళం కాదు."

నా మట్టిబుర్రకి అప్పుడు వెలిగింది.
దయ్యం కంప్యూటర్లో లేదు.
పాపం అది
తలుపు తీసేముందు తీగని తట్టి చూసుకుంటోంది.
లేదు అనే మాట కోసం మూడుసార్లు అడుగుతోంది,
మూడుసార్లూ బూట్లు అమ్ముతున్నారు.

రూటర్లో కంపెనీ పెట్టిన అంకెలు చెరిపి
లేనిదాన్ని లేదనే సర్వర్ అంకెలు రాశాను.
కాష్ కడిగాను. మళ్ళీ తెరిచాను.
లేదు.
లేదు.
లేదు.
అంత మంచి మాట ఈ చలికాలంలో వినలేదు నేను.

అక్కడితో లేచిపోవలసింది.
లాగ్‌లో నాలుగో వరుస ఉంది.
తొమ్మిదీ పదకొండుకి, రోజూ, ఒకటే మాట: తెర్నా.
ఇది పిల్లి నడక కాదు. ఎవరో ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టింది.

"పడవ," అన్నాడు తోర్లైవ్, స్క్రీన్ వైపే చూస్తూ.
"తమ్ముడిది. ఆ రాత్రి కాపలా నాది.
ఇక్కడ పిలిస్తే రోజూ ఏదో ఒకటి తెరుచుకునేది.
బూట్లే. అయినా తెరుచుకునేది."

ఇప్పుడు మళ్ళీ కొట్టాడు.
అలాంటి పేరు లేదు అంది తెర,
బూడిదరంగు అక్షరాల్లో, మర్యాదగా.
ఆయన చాలాసేపు చదివాడు, రెండు మాటలే అయినా.
"సరే. ఇప్పుడు నమ్మొచ్చు," అని
టోపీ పెట్టుకుని కాఫీకి వెళ్ళాడు.

ఆయన వెళ్ళాక హోస్ట్స్ ఫైలు తెరిచాను.
ఒక్క వాక్యం చాలు. తెర్నా అంటే
ఈ కంప్యూటరే పలికేలా రాయొచ్చు.
కర్సర్ మినుకుతూ కూర్చుంది.
నేనూ కూర్చున్నాను.
కిటికీ అవతల మంచు తోసే బండి ఒకటి వచ్చి వెళ్ళింది.
ఏమీ రాయకుండా మూసేసి
చేతులు మళ్ళీ ఒకసారి కడుక్కున్నాను.