టోకెను నంబరు నలభై ఆరు

బంగారుపాళెం దాటినాక గుజ్జు ఫ్యాక్టరీ.
గేటుకీ మా ట్రాక్టరుకీ నడుమ నలభై ఐదు ట్రాక్టర్లు.
ఇది రెండో రాత్రి.
తొట్టిలో తోతాపురి కాయలు చెమట పడతా ఉండాయి,
అడుగునుండేవి అప్పుడే తీపి వాసన.
ఇంకో చోటయితే ఆ వాసనకి
ఆగి గట్టిగా పీల్చుకుందును.

రేపు ఆదివారం గదా అని వెంటొచ్చింది మోక్షిత.
తొమ్మిదేళ్లు. పక్క పన్నొకటి ఊగతా ఉంది.

"నాయనా, గేటెప్పుడు తీస్తారు?"
"తెలీదు."
"పోయి అడగరాదా?"
"అడిగినా. టోకెనిచ్చినారు."
"నువ్వు గట్టిగా అడిగుండవు."
పక్క బండి దొరస్వామన్న
బీడీ పొగలోంచి నవ్వినాడు.

ఎట్ల చెప్పేది?
వాళ్ల లెక్కలకి జవాబులు పుస్తకం వెనకుంటాయి.
కిలో ఎంతకి పోతుందో
ఏ పుస్తకం వెనకా లేదు.

కడాకు ఇట్లన్నా:
"వాన మన మాట వినదు పాపా.
ధర అసలే వినదు. ఆ గేటుకి చెవులే లేవు.
పట్ట కప్పేది మన పని.
మెత్తబడిన కాయని ఏరి పక్కన పెట్టేది మన పని,
లేకుంటే పక్క కాయకి అంటుకుంటుంది.
ఇంక మిగిలిందంతా
చూస్తా కూర్చునేదే."

పన్నుని నాలికతో ఒకసారి తోసి చూసుకుంది.
"మరి ఇది?"
"దానికి బుద్ధి పుట్టినప్పుడు ఊడుతుంది."
"తోస్తే?"
"నొస్తుంది."

సెల్లు లైటేసుకుని ఇద్దరం కాయలేరినాం.
నాకన్నా ఆ పిల్లే నయం.
వేలితో నొక్కదు,
ముక్కు దగ్గర పెట్టుకుని చెప్పేస్తుంది.
పదకొండు కాయలు పక్కకొచ్చినాయి.
పన్నెండోది చేతిలో పట్టుకుని,
నా మొగం చూడకుండా అడిగింది:

"నిన్న ఊరుబిండిలో ఉప్పెక్కువైందని
గిన్నె ఇసిరేసినావు గదా.
అది ధర ఇసిరిందా,
నువ్వా?"

దొరస్వామన్న బీడీ ఆర్పి
అటు తిరిగి పండుకున్నాడు.

ముందర ఎక్కడో ఇంజను దగ్గింది.
వరస ఒక్క బండంత జరిగింది.
నేనూ జరిపినా.
గేరు మార్చేటప్పుడు చెయ్యి వణికింది,
చలేం లేదు.

గిన్నెకి సొట్ట పడింది. చూసినా.
చూడనట్టే చెప్పులేసుకుని బయటికొచ్చినా.
వాళ్లమ్మ ఏమీ అన్లేదు,
వంగి మెతుకులెత్తింది.

ఆ పన్నెండో కాయ బాగానే ఉంది,
తిరిగి తొట్లో పెట్టేసింది పాప.
నాకు జవాబు తోచలేదు.
"ఇంక పండుకో," అన్నా.
నా గొంతు నాకే చిన్నదిగా వినబడింది.

సెల్లులో ఏడు శాతం చార్జింగుంది.
లైటుకే అయిపోయింది సగం.
లైటార్పినా.
చీకట్లో ఇంటి నంబరు నొక్కేదానికి
ఏ టోకెనూ అక్కర్లేదు,
అయినా చానాసేపు పట్టింది.

రింగవతా ఉంది.
పట్ట అంచు కింద మోక్షిత
నిద్రపోయినట్టే కండ్లు మూసుకుంది.
బుగ్గ లోపల నాలిక మాత్రం
కదలతానే ఉంది.