ఎలుక పాపం ఎరగదు

సాయంత్రం బాగానే ఉంటుందంట.
తెల్లారి సెల్ఫు కొడితే
టక్‌మని ఒక్క చప్పుడు, అంతే.
"ఇది మూడో బ్యాటరీ అండి, ఆయ్" అంది వీరవేణి.

శంకరగుప్తం డ్రెయిను గట్టు పక్కన షెడ్డు.
కొబ్బరి తోటలోకి దూరేటంత బుల్లి ట్రాక్టరు,
రొటావేటరుతో కూడా
రెండు చెట్ల మధ్య ఒదిగి తిరుగుతుంది.
డ్వాక్రా సంఘం పదిమందిదీ,
ఇంకా పద్నాలుగు వాయిదాలు మిగిలినదీ.

"ఎలకలండి" అన్నాడు కాయలు వలిచే మనిషి.
"ఉప్పుగాలండి" అన్నాడు రొయ్యల చెరువు కాపలాదారు.
వీరవేణి మాత్రం
"లోవరాజండి. తాళం ఆపకుండా పోయేవోడు.
మానిపించేసి నెలయింది."
అతడి టోపీ ఇంకా
షెడ్డు స్తంభం మేకుకే ఉంది.

బ్యాటరీ నెగటివు విప్పి
మధ్యలో నా బల్బు పెట్టాను.
పాత స్కూటరు ఇండికేటరు బల్బు,
రెండు వైర్లు, రెండు క్లిప్పులు,
ముప్పై ఏళ్లుగా నేను నమ్మే సాక్షి.
తాళం వీరవేణి చేతిలో ఉంది.
లైట్లన్నీ ఆపే ఉన్నాయి.
అయినా బల్బులో
అగరొత్తి కొసంత ఎరుపు.

చూడమ్మా, తాగుతోంది.
మనం పడుకున్నాక
ఎక్కడో కూర్చుని తాగుతోంది.

ఫ్యూజులు ఒక్కొక్కటే పీకాను.
హెడ్‌లైటుది. ఎరుపు అలాగే ఉంది.
హారనుది తీశాను, చలించలేదు.
మీటరుది తీస్తుంటే చేయి జారి
కొబ్బరి పొట్టులో పడింది,
దాన్ని వెతకడానికి పావుగంట, ఒక టీ.
కళ్లజోడు మార్చుకోవాలి,
ప్రతి ఏడూ అనుకుంటాను.
నాలుగోది పెట్టెలో లేదు.
బయట విడిగా వేలాడుతోంది,
కంపెనీవాడు పెట్టింది కాదు.
పీకాను.
బల్బు ఆరిపోయింది.

ఇంట్లో దీపం ఆరితే అయ్యో అంటాం.
మా పనిలో ఆరినప్పుడే
నడుము నిటారు చేసి ఊపిరి తీసుకుంటాం.

ఇక ఆ వైరు వెంట నడవాలి,
నడవడమంటే వేళ్లతో.
ఫుట్‌బోర్డు కింద గ్రీజు, ఎండిన రేగడి,
క్లచ్చి రాడ్డు పక్కన
నిజంగానే ఒక ఎలుక గూడు.
కొబ్బరి పీచు, బిస్కెట్ల కాగితం,
కళ్లు తెరవని గులాబీ పిల్లలు నాలుగు.
వాటిని ఒరుసుకుంటూ వెళ్లే వైరు మీద
ఒక్క పంటి గాటు లేదు.
గూడు గూడంతా ఎత్తి
పీచు గుట్టలో పెట్టాను.

ఎడమ మడ్‌గార్డు లోపల
వేలు ఆగింది.
చెమ్మ. పచ్చటి చిలుము.
బోల్టు అంచుకి రాసుకుని రాసుకుని
పొట్ట చిట్లిన అతుకు,
మంచు పడ్డ ప్రతి రాత్రీ
ఇనుములోకి చుక్కచుక్కగా కారిపోతూ.
టార్చి వేశాను.

పసుపు టేపు.

నల్ల టేపు ఎవరైనా చుడతారు.
ఆ ఏడాది మలికిపురం కొట్టులో నల్లది అయిపోతే
పసుపుది కొన్నది నేనే.
చివర మూడు చుట్లు ఎదురు తిప్పి
గోటితో నొక్కే అలవాటూ
ఈ చుట్టుపక్కల నాదొక్కడిదే.
అప్పుడీ బండి వేరే ఆసామిది, వేరే రంగు.
రాత్రి కాయ ఎత్తడానికి వెనక లైటు కావాలన్నాడు,
లారీ వచ్చేస్తోంది తొందరగా కానీమన్నాడు.
తాళంతో పని లేకుండా
నేరుగా బ్యాటరీ నుంచి లాగాను.
పైన గొట్టం తొడగలేదు.
గొట్టం నలభై రూపాయలు.

ముఖాన ఆయిలుంటే ఒకందుకు మంచిదే,
రంగు మారడం కనబడదు.

"దొరికిందాండి?"
దొరికింది.
"అంటే లోవరాజు తాళం..."
తాళానికీ దీనికీ సంబంధం లేదమ్మా.
"మరి ఎవరి తప్పండి?"

పీచు గుట్టలోంచి సన్నగా కీచు.
ఎలుక మీద వేసేస్తే
నమ్మడానికి ఊరు ఊరంతా సిద్ధం.

చెడిన ముక్క కోసి ఆవిడ చేతిలో పెట్టాను.
"ఈ పసుపు నాదమ్మా" అన్నాను.

తిప్పి తిప్పి చూసింది. తిట్టలేదు.
మూడు బ్యాటరీల లెక్క
నాకు వినపడేలా వేళ్ల మీద వేసింది.
తర్వాత ఫోను తీసి, నంబరు నొక్కి,
"మీరే చెప్పండి" అని
నా చెవి దగ్గర పట్టుకుంది.
నా చేతులు రెండూ గ్రీజు.
రింగవుతోంది.