తాడు లాగే యాళ్ల

పదిన్నర దాకా పని లేదు.
ఒడ్డు మీద కూసోని కాళ్ల మట్టి గోక్కుంటం.
వరి పువ్వుకు తొందర లేదు,
మంచు ఆరాలె, ఎండ ఎక్కాలె,
అప్పుడు గని పచ్చి ఉనుక నోరు తెరువది.

వీణవంక శివారుల ఇది సీడు మడి.
రెండు సాళ్లు మగ, ఎనిమిది సాళ్లు ఆడ,
మళ్ల రెండు మగ, మళ్ల ఎనిమిది.
పెండ్లి పందిట్ల కూసోబెట్టినట్టు గాదు,
బడిల లైను గట్టిచ్చినట్టు.

ఆడదంటే పుట్టుకతోని ఆడది గాదు.
సూపర్వైజర్ తిరుమల్ ఒక పువ్వు ఒలిచి
నా అరచేతుల పెట్టి సూపిచ్చిండు:
ఆరు పోగులున్నయి, తెల్లగ, సచ్చిన పేనంత,
దాంట్ల దుమ్ము లేదు.
"గిట్లనే పుట్టిచ్చిన్రు పెద్దమ్మా,
సొంతంగ గింజ పట్టొద్దని."
పక్కపొంటి రెండు కుచ్చులు బయటికి సాపుకొని ఉన్నయి,
కోడిపిల్ల ఈకలంత మెత్తగ.
"గవి ఎదురుసూసేటివి" అన్నడు.
డిప్లమా సదివిన పోరడు,
చెప్పినంక సిగ్గుపడి ఫోను తీసిండు.

మా మాటల లెక్కనే తిరకాసు.
పొట్టకొచ్చింది అంటం, ఈనింది అంటం,
అటెన్క పాలు పోసుకున్నదంటం.
కడుపు, కాన్పు, పాలు, అన్నిటికి పేర్లున్నయి,
నడుమ ఈ పదిన్నర గంటకే పేరు లేదు.
ఈనినంక కలుస్తది వరి.
ఇన్నేండ్లు నాటేసి, కలుపు తీసి, కోసి
నేనెన్నడూ దాని పువ్వు దిక్కు సూడలె.
వరికి పువ్వుంటదని ఎవలనుకుంటరు?
బతుకమ్మల పేర్చితిమా, కొప్పుల పెడితిమా.

తాడుకు ఆ కొస ఓదవ్వ పట్టింది.
నా యారాలు.
రెండేండ్లాయె మాటల్లేక.
పెరట్ల మునగ చెట్టు కాడ షురువైంది:
మొదలు నా దిక్కు, కొమ్మ వాళ్ల దిక్కు,
పువ్వు రాలితె నేను ఊడ్వాలె,
కాయ గాస్తె వాళ్ల పులుసుల ఉడకాలె.
మేస్త్రికి ఇదంత ఎరుక లేదు,
పొడుగు సూసి జత గట్టిండు.
ఇద్దరం ఒక్కెత్తు.

నడిస్తె
తాడు మగ సాళ్ల మెడల మీద
ఒరుసుకుంట పోతది.
పొగ లేస్తది, జొన్నపిండి రంగు,
ఒక్క ఊపిరి సేపు గాలిల నిలవడి
ఆడ సాళ్ల మీదికి ఒంగుతది.
ఐదు నిమిషాలకంటె ఎక్కువ బతుకదట ఆ దుమ్ము.
గందుకే అరగంటకోసారి, నాలుగు సార్లు.
గాలి ఉత్తగ చేసే పనికి
మాకు మూడు వందల యాభై.

మూడో విడుతకు గాలి ఆగింది.
కాలువ గట్టు మీది తుమ్మ ఆకు గూడ కదలలె.
దుమ్ము పోవుడు మాని మా మీదనే కూసున్నది,
రెప్పల మీద, పెదవుల మీద, రవికె చేతుల మీద.
నాకు తుమ్మొచ్చింది. ఒకటి గాదు, ఏడు.
తాడు ఎగిరెగిరి పడ్డది.
ఆ కొసకెల్లి,
"తాడు సక్కగ పట్టు,
కల్లు తాగినదాని తీరు ఊగకు!"

నేను జవాబియ్యలె.
బిర్రుగ గుంజిన.
ఆమె గూడ గుంజింది.

పగటి సద్ది కాడ తిరుమల్ ఇంకో ముచ్చట చెప్పిండు.
కుచ్చు మీద వాలిన దుమ్ము మొలుస్తదట,
దారమంత సన్నంగ లోపలికి దిగుతదట,
దాని ఎంబడి ఇద్దరు పోతరట.
ఒకడు బిడ్డయితడు.
ఇంకొకడు బిడ్డకు బువ్వయితడు.
"మనం తినేది గా రెండోన్నే" అన్నడు.
గిన్నెల మెతుకుల దిక్కు సూసుకుంట
కొద్దిసేపు ఎవ్వలం మాట్లాడలె.
ఓదవ్వ మాత్రం తింటనే ఉన్నది.

పన్నెండు రోజులైతె మగ సాళ్లు కోసి
బర్లకేస్తరు. వాటి పని అయిపోతది.
ఆడ సాళ్ల గింజ సంచులల్లకెక్కి కంపిని బండ్ల పోతది,
ఏ ఊరి మడి మీద మొలుస్తదో
మాకు ఎవ్వలూ చెప్పరు.

పొద్దుమీకి ఇంటికొచ్చి తల కడుక్కుంటె
జాజు తీరు నీళ్లు పారినయి.
గోడవతల గూడ చెంబు సప్పుడు.
వాకిట్ల మునగ పూలు రాలి ఉన్నయి.
ఇయ్యాల ఊడ్వలె.