ఓవర్‌టైమ్

పొద్దున లేస్తే పక్క మీద నా పొట్టు.
వడ్లు దంచిన కాడ ఊక మిగిలినట్టు
దుప్పటి నిండ నేనే.
ఆరుగురి గదిల అందరికన్న ముందు లేచి
చేత్తోనే ఊడ్చుకుంట.
సోహార్ల ఇసుక ఎంతన్న పడొచ్చు నేల మీద,
మనిషి పొట్టు పడొద్దు.

అంటుకుంటదని
నా బకెట్ మీద నా పేరు రాసిండ్రు.
మంగలి కుర్చీల కూసోబెట్టి, మెడ చూసి
కరెంటు పోయిందన్నడు.
నెత్తి మీద ఫ్యాన్ తిరుగుతనే ఉంది.
ఫోన్ల అక్క భూదవ్వ
"పాము పుట్ట తొక్కినవేమో, యాది చేసుకో" అంటది.
తారు రోడ్డు మీద పుట్ట యాడుంటదే?

గంగనర్సు ఇచ్చిన ట్యూబు పూస్తే
వారంల పెండ్లికొడుకు తోలు.
ఆపిన వారానికి
మోకాళ్ల నుంచి నడుం దాక మండుకుంట వచ్చింది,
మిత్తితో సహా.

సూడాన్ డాక్టరమ్మ తొడుగు లేని చేత్తోటి
నా మోచెయ్యి పట్టుకున్నది.
ఎనిమిది నెలలాయె ఎవరన్న పట్టుకోక.
ఆమె అరబ్బీని మలయాళం నర్సు హిందీ చేసింది,
నేను లోపల తెలుగు చేసుకున్న:
తోలు నెలకోసారి మారాలె.
నీది నాలుగు రోజులకే మారుతంది.
దొంగలు లేని ఇంట్ల కాపలోడు
ఊకె విజిల్ ఊదుతుండు,
కూలీలు ఉరికురికి
ఇటుక మీద ఇటుక పేరుస్తున్నరు.
అంటేది కాదు. శాపం కాదు.
పోదు.
తగ్గుతది.

ఓవర్‌టైమ్ అన్నట్టు.
కంపెనీ ఎగ్గొట్టిందని మేమంత బంద్ చేసిన ఓవర్‌టైమ్
నా తోలు ఒక్కటే నమ్మి చేస్తంది.

మందు డబ్బా మూత తీస్తే తారు వాసన.
నవ్వొచ్చింది.
పగలంత పరిచేది, రాత్రి పూసుకునేది.

ఆదివారం, బుధవారం దవాఖానల నిలువు పెట్టె.
చుట్టూ నీలం ట్యూబులైట్లు, కండ్లకు నల్లద్దాలు.
మొదటి రోజు నలభై సెకన్లు.
ఎండను గంపలతోటి మోసెటోనికి
వెలుగును చెంచాతోటి పోసిండ్రు.

అన్నీ సరే గని, వీపు అందదు.
షఫీకుల్ పూస్తనన్నడు.
బకెట్ మీద పేరు రాసింది వాడే.
మొదట్ల చేతికి రొట్టెల కవరు చుట్టుకునెటోడు,
వీపెనక ఎవరో ఎండుగడ్డి తొక్కుకుంట పోయినట్టు గరగర.
నిన్న కవర్లు అయిపోయినయి.
ఏమనలే. పూసిండు.

తర్వాత నల్లా చానాసేపు మోగింది.
మోగనీ.
తారు సబ్బుకు జల్ది పోదు,
నాకెరికే.