రికార్డులు రాయబడును

చూళైమేడులో మెట్ల కింద కొట్టు.
ఒక జిరాక్సు మిషను, ఒక స్టూలు, నేను.
బోర్డు మీద తమిళంలో, ఇంగ్లీషులో,
అడుగున నా ముచ్చట కోసం చిన్నగా తెలుగులో:
రికార్డులు రాయబడును.
పేజీకి ఎనిమిది. బొమ్మైతే ఇరవై.
కప్ప గుండెకు పాతిక, మూడు గదులు కదా.

నా చేతిరాత ఇప్పటికి పదకొండు డిగ్రీలు పాసయింది.
అందులో ఒకటి గోల్డు మెడలు. ఫోటో తెచ్చి చూపించాడు:
మెడలో పతకం, పక్కన వాళ్ళ నాన్న.
నా వేళ్ళ మీది సిరా ఫోటోలో పడలేదు.

సాయంత్రం ఆరింటికి ప్రశ్నలు మొదలవుతాయి.

గిరాకీ అనగానేమి? పటముతో వివరింపుము.
ఇవ్వాల్సిన గడువుకు ముందురోజు
పేజీకి రెండు పెంచుతాను, ఒక్కరూ బేరమాడరు.
గీతను నిట్టనిలువుగా గీసిచ్చాను.
పదికి తొమ్మిది.

చెన్నపట్నం పెరుగుటకు కారణములు.
వచ్చినవాళ్ళు వెనక్కి పోలేదు.
పుస్తకంలో ఇది ఆరు పేజీలు.

మైనరుతో చేసుకున్న ఒప్పందం చెల్లునా?
మొదటినుంచీ చెల్లదు, అని రాస్తుంటే
పదిహేడేళ్ళప్పుడు నా చేత సంతకం పెట్టించిన
చిట్టీలవాడు గుర్తొచ్చాడు.
కింది మూడు కాగితాల మీద కూడా ఆ వాక్యం అచ్చు పడింది.

జెర్లిన్‌ది సైకాలజీ. మరుపుకు రెండు సిద్ధాంతాలు.
వాడక అరిగిపోవడం ఒకటి,
కొత్తది వచ్చి పాతదాన్ని తొక్కేయడం రెండోది.
మూడోది నాకు తెలుసు,
పేజీకి ఎనిమిది రూపాయలు తీసుకోవడం.

ఫిలాసఫీ కుర్రాడు పదిహేను మార్కులది తెచ్చాడు:
'నేను' అనగా ఎవరు?
పైన, పేరు రాయాల్సిన చోట
వాడి పేరు రాసి మొదలుపెట్టాను.

కదిరవన్ తెచ్చింది నీళ్ళ లెక్క.
గంటకు ఇంత వాన. ఇంత విస్తీర్ణం.
కాలువలోకి చేరే ప్రవాహమెంత?
సూత్రంలో వాన ఉంది, నేల ఉంది, ముందర ఒక సి ఉంది.
సి అంటే నేల తాగలేక వదిలేసినంత.
చెట్లున్న చోట తక్కువ.
సిమెంటు పరిచిన ఊరైతే దాదాపు ఒకటి.
దాదాపు ఒకటి, అని రాసి
పెన్నుకు మూత పెట్టాను.

నీళ్ళొచ్చిన ఏడాది కూవం
అడ్రసు తెలిసినదానిలా మా సందులోకి తిరిగింది.
ఎత్తు అరే కదా అనుకున్న చోట
ముప్పై ఏడు రికార్డులు నాని ఉబ్బాయి.
నీలి సిరా, ఎర్ర సిరా, కప్ప గుండెలు, గిరాకీ గీతలు
అన్నీ కలిసి ఒకే సబ్జెక్టయ్యాయి.
పన్నెండు రాత్రులు మళ్ళీ రాశాను.
డబ్బడగలేదు. అడిగుంటే ఇచ్చేవాళ్ళేమో.

మూత తీసి, లెక్క కింద
పుస్తకంలో లేని వాక్యం ఒకటి వేశాను:
ఇటువంటి ప్రవాహమునకు చూళైమేడులో
నీరు నాలుగున్నర అడుగులు నిలిచినది.

వారానికి కదిరవన్ కాగితం పట్టుకొచ్చాడు.
మార్జిన్లో ఎర్రగా ఒక్క మాట: ఆధారం?
"ఏ పుస్తకమక్కా?"

జిరాక్సు మిషను పక్కకు జరిపాను.
మురుగన్ క్యాలెండరు దించాను.
గోడ మీద టీ రంగు గీత,
స్కేలు పెట్టి గీసినట్టు, ఈ మూల నించి ఆ మూలకి.

వాడు చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత సంచిలోంచి టేపు తీశాడు, సివిల్ వాడు కదా.
నాలుగడుగుల ఏడంగుళాలు.
"ఒక అంగుళం తగ్గించి రాశావక్కా."
దిద్దాను.

ఆధారం అన్నచోట ఏం రాయాలో
ఇద్దరికీ తోచలేదు.
చివరికి కొట్టు నంబరు వేశాం,
ఉత్తరపు గోడ, క్యాలెండరు వెనక.
"రాసినవాళ్ళ పేరు అడుగుతారక్కా."
కూవం అని రాయమన్నాను.

క్యాలెండరు తగిలిస్తుంటే వెనక ఎవరో దగ్గారు.
తేనెటీగ కాలు. పెద్దదిగా చేసి.
పుప్పొడి బుట్ట స్పష్టంగా కనపడాలట,
రేపు పొద్దున ఎనిమిదికి.