ఖాళీలు పూరించుము

పాలమూరు పాత బస్టాండు వెనక
కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు మీద
రేకుల గదిల మా డచ్చు క్లాసు.
ఫీజు విత్తనాల కంపెనీ కడ్తది.
పగలంత జడ్చర్ల షెడ్డుల పట్టుకారు వట్టి
టమాట పువ్వులకు పుప్పొడి అంటించే ఆర్గురం
పొద్దుమూకినంక
నాలిక మడతపెట్టుకుంట కూసుంటం.

ఫర్హానా మేడం బోర్డు మీద రాసింది.
ఒక్కరైతే వాస్. శానమందైతే వారెన్.
"ఉండె, ఉండిరి. గంతే. దీనికేం భయం?"
మూడోది ఇంకోటుంది, ఖెవేస్ట్,
గొంతుల గల్ల తీసినట్టు మొదలైతది.
కుర్మయ్య దగ్గి, "ఇదేనా మేడం" అన్నడు.
మేడం గూడ నవ్వింది.

వాస్ అంటే నాకు వాసన యాదికొచ్చింది,
మనిషి లేచిపోయినంక గొంగడిల మిగిలేది.
వారెన్ అంటే, వారు.
పోయినోళ్ళను పదిమంది లెక్క పిలుసుడు
మనకేం కొత్త గాదు.

తర్వాత ఖాళీలు.
నాలుగోది:
మా నాయిన ______ కట్ట కూలి.

పెన్ను ఆడనే ఆగింది.

మా నాయిన కట్ట కూలి.
గీ మాటల క్రియ ఏడుంది?
రేషన్ కార్డుల ఉసేనప్ప పేరు కొట్టేసి
పదకొండేండ్లు.
ఎవలన్న అడిగితే మా అమ్మ ఇప్పటికీ గిట్లనే జెప్తది.
ఒక్క అక్షరం తియ్యలే, ఒక్కటి కలపలే.
ఆయన బతికున్నప్పుడు ఎట్లనో
ఇప్పుడు గూడ అట్లనే, కట్ట కూలి.

ఏ రాష్ట్రం కట్టనో, ఏ గుత్తేదారో
ఊర్లపేర్లు ఆయనకు నోరు తిరగకపోతుండె.
"నీళ్ళు అవుతల, మేం ఇవుతల" అంటుండె,
గంపెడు మన్ను మోసిన నెత్తి సవురుకుంట.

అంటుండె.
అగో, నా నోట్లకెల్లే వచ్చె.

ఆ దేశం సముద్రం కన్న కిందికున్నదట,
అంత కట్టల చాటుకే బతుకుతదట.
మేడం చెప్తుంటే కుర్మయ్య నా దిక్కు సూశిండు.
వాళ్ళయ్య గూడ అదే గుంపుల.

వాస్ అని రాసిన.
మేడం టిక్కు పెట్టింది.

మెట్లు దిగుతుంటే
కొట్టుల ముసలాయన
బాగుచేసిన మిషన్ను నడిపి సూస్తుండు,
సూదికి దారం లేదు.
చేతిల పాతగుడ్డ ముందుకు జరుగుతుంది,
దాని మీద కుట్టు లేదు,
లైటుకు పట్టి సూస్తే
వరుసగ రంధ్రాలు.